నొప్పికి లోతు అడిగిన మనిషి

ఆయన పోయిన కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు.

ధర్మవరం నుంచి మా కొత్తచెరువుకు వచ్చే బస్సులో కండక్టరు వెనక సీటు ఆయనది. ఒళ్ళో తోలుసంచి పెట్టుకుని, తల కిటికీకి ఆనించి, ఎక్కిన దగ్గర నుంచి దిగేదాకా నిద్రపోయేవాడు. ఆ రోజు కూడా అట్లాగే పడుకున్నాడు. దిగవలసిన చోట లేవలేదు.

"మనుషుల్ని నిద్రబుచ్చి లేపేటాయన గదా సార్. తనంతట తానే లేస్తాడులే అని బస్టాండు దాకా పిలవకుండా వచ్చినా," అన్నాడు కండక్టరు ఫోన్లో. తప్పు చేసినవాడి గొంతు. "ముందే లేపింటే బాగుండునేమో."

"లేపినా లేచేవాడు కాదప్పా. నీ తప్పేం లేదు," అన్నాను. ఆయన గుండె సంగతి నాకు తెలుసు కాబట్టి ఆ మాట ధైర్యంగా చెప్పగలిగాను. ఎదుటివాడికి తప్పు లేదని చెప్పడం సులభం.

బస్టాండుకు పోయి చూస్తే నిజంగా నిద్రపోతున్నట్టే ఉన్నాడు. సంచిలో మందుల సామాను, పక్కన న్యూస్‌పేపర్లో చుట్టిన ఉడకబెట్టిన చెనక్కాయలు. పొట్లం విప్పలేదు. ఆ రోజు మా నర్సింగ్‌హోమ్‌లో నేను చేయవలసిన హెర్నియా ఆపరేషన్ ఒకటి ఉంది. అది అయ్యాక తినడానికి తెచ్చుకున్నవి.

ఆయన గురించి రాయాలని అప్పుడు అనుకోలేదు. దినాలు అయిపోయాక వచ్చిన ఇంకో ఫోను అనుకునేలా చేసింది. మందుల నియంత్రణ ఆఫీసు నుంచి ఒక ఉద్యోగి. మర్యాదగానే మాట్లాడాడు.

"సార్, మీ మత్తు డాక్టరు గారు చనిపోయారని తెలిసింది. మీ నర్సింగ్‌హోమ్‌లో మార్ఫిన్ ఉంచుకోవడానికి ఇచ్చిన గుర్తింపు ఆయన శిక్షణ మీద ఇచ్చింది కదండీ. ఇప్పుడు ఆ స్థానంలో ఎవరు?"

"రేపు చెప్తాను," అని పెట్టేశాను.

పెట్టేశాక కుర్చీలో కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. 'రేపు' నా పాత మాట. ఆయన ఆ మాట వింటే ఒకటే అనేవాడు: "నీ రేపుకు తారీఖు ఉండదప్పా."

*

ఊళ్ళో అందరికీ ఆయన మత్తు డాక్టరు. సొంత ఆస్పత్రి లేదు, బోర్డు లేదు. ఆపరేషన్ ఉన్న చోటికి బస్సెక్కి పోయి, మనిషిని నిద్రపుచ్చి, లేపి, మళ్ళీ బస్సెక్కేవాడు. హిందూపురం, చిలమత్తూరు, ధర్మవరం, మా ఊరు. కారు కొనుక్కోమని నేను చాలాసార్లు చెప్పాను. "కారులో పోతే నేను మేలుకోవాల. బస్సులో అయితే డ్రైవరు మేలుకుంటాడు" అనేవాడు.

బస్టాండు దగ్గర పొద్దున్నే తాగి పడివుండే ఒకాయన ఈయన్ని చూస్తే చాలు, లేచి దండం పెట్టేవాడు. "మనిద్దరిదీ ఒకే యాపారం సా. నీదీ మత్తే, నాదీ మత్తే!"

"ఒకటి కాదప్పా," అనేవాడు ఈయన సంచి చంక మార్చుకుంటూ. "నా దాంట్లో పడినోడు లేస్తాడు. నీ దాంట్లో లేచినోడు పడతాడు."

చెనక్కాయల విషయంలో ఒక పట్టు ఉండేది. ఆపరేషన్ పూర్తయి, నేను చేతులు కడుక్కుని, టీ తెప్పించి, "తినన్నా" అన్నా తినేవాడు కాదు. గుప్పెడు కాయలు జేబులో వేసుకుని రోగి మంచం పక్కనే స్టూలు మీద కూర్చునేవాడు. రోగి కళ్ళు తెరిచి తన పేరు తాను చెప్పాలి. అప్పుడు మొదటి కాయ పగిలేది. పేరు చెప్పేదాకా ఆయన పళ్ళ కింద ఏదీ పడదు. ఒకసారి ఒక ముసలాయన మత్తులో తన పేరు బదులు తన ఎద్దు పేరు చెప్పాడు. ఈయన చేతిలోని కాయ మళ్ళీ జేబులో వేసుకుని, "నిన్ను అడిగితి పెద్దాయనా, ఎద్దును కాదు" అన్నాడు. వార్డంతా నవ్వింది, కుట్లు పట్టుకుని ముసలాయన కూడా.

అయితే ఆయన అసలు పట్టుదల మత్తు గురించి కాదు, నొప్పి గురించి. ఆపరేషన్ నొప్పి రెండు రోజుల్లో పోతుంది. పోని నొప్పి ఒకటి ఉంది. బెంగళూరులో కేన్సరుకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుని, చేతిలో ఉన్నదంతా అయిపోయి, "ఇంక ఇంటికి తీసుకుపోండి" అనిపించుకుని తిరిగి వచ్చిన మనుషుల నొప్పి. మా పీఠభూమిలో అట్లాంటివాళ్ళు ఊరికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్ళను వెతుక్కుంటూ పోయేవాడు. దానికి ఎవరూ పిలవరు, ఫీజు ఇవ్వరు.

పెద్ద ఆస్పత్రుల్లో నొప్పిని పదికి ఎంత అని అడుగుతారు. మావాళ్ళను అట్లా అడిగితే అందరూ ఒకటే మాట చెబుతారు. "శానా సార్." శానాకు మందు ఎంత రాయాలి? అందుకని ఆయన వేరే కొలత పట్టాడు. ఈ నేలలో చదువు రానివాడికి కూడా తెలిసిన కొలత ఒకటే, బోరు లోతు. ఎవరి చేనులో ఎన్నడుగులకు నీళ్ళు పడ్డాయో, ఎవరికి బండ తగిలిందో, ఎవరికి వట్టి దుమ్ము లేచిందో చిన్నపిల్లల నోట కూడా ఉంటుంది.

"నొప్పి ఎంత లోతులో ఉండాది?" అని అడిగేవాడు. "మున్నూరా? ఐనూరా?"

మనుషులు వెంటనే చెప్పేవాళ్ళు. కొంచెం ఆలోచించి మరీ చెప్పేవాళ్ళు. "నిన్న నాన్నూరు సార్. ఈ పొద్దు ఏడునూర్లు దాటింది." "బండ తగిలింది సామీ." "వెయ్యిలో ఉండా. దుమ్ము వస్తాంది." దాన్ని బట్టి ఆయన, వాళ్ళు బెంగళూరు నుంచి తెచ్చుకున్న మందు పెంచేవాడు, తగ్గించేవాడు. తర్వాత మళ్ళీ అదే ప్రశ్న. ఎంత లోతు నుంచి ఎంత పైకి వచ్చింది?

ఆయనకు ఇంకో నియమం ఉండేది, అది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. "తీసేదానికి చేతిలో మందు లేనప్పుడు లోతు అడగద్దు. అడిగి ఊరికే పోతే ఆ మనిషిని ఇంగో నూరడుగులు లోపలికి తోసినట్ల."

*

మందు అంటే మార్ఫిన్ మాత్రలు. అట్లాంటి నొప్పికి అదే మందని మేమందరం చదువుకున్నాం. చదువుకుని మరిచిపోయాం. నల్లమందు నుంచి తీసినది కాబట్టి దానికి చట్టం కాపలా ఉంది. ఆ కాపలా గురించి ఆయన నాకు టీ తాగే ప్రతిసారీ పాఠం చెప్పేవాడు.

"ఇను. డాక్టరుకు రిజిస్ట్రేషన్ ఉంటే మందు రాయచ్చు. రాసినాంక ఆ మందు యాడ దొరకాల? గుర్తింపు ఉండే ఆస్పత్రిలోనే. ఆస్పత్రికి గుర్తింపు రావాలంటే ఈ మందు వాడేదాంట్లో శిక్షణ అయిన డాక్టరు ఒకడు ఉండాల. నాకు శిక్షణ ఉండాది, ఆస్పత్రి లేదు. నీకు ఆస్పత్రి ఉండాది, శిక్షణ లేదు. గుడ్డోడు కుంటోణ్ణి ఎత్తుకోని సంతకు పోయినట్ల ఇద్దరం పోదాం రా."

"ఇద్దరిలో గుడ్డోడు ఎవరన్నా?" అని అడిగాను ఒకసారి.

"సూడలేనోడు నువ్వే గదా."

"పోలీసు కేసులవుతాయేమో అన్నా."

"వెనకటికి భయపడినావంటే అర్థముండె. ఒక మందుకు నాలుగైదు లైసెన్సులు. ఆఖరిది చేతికొచ్చేలోగా మొదటిదానికి కాలం తీరిపోయేది. ఇప్పుడు చట్టం మార్చినారు. ఒకే ఆఫీసు, ఒకే గుర్తింపు. మందు బీరువాలో పెట్టి తాళం వెయ్యాల, ఇచ్చిన ప్రతి మాత్రకూ లెక్క రాయాల, ఏడాదికోసారి ఆ లెక్క పంపాల. ఇంగా భయపడితే తప్పు చట్టానిది కాదు."

"చూద్దాంలే అన్నా. రేపు కూర్చుని మాట్లాడదాం."

నా భయం పోలీసులది కాదు. ఆయనకు కూడా అది తెలుసు, కాని నా నోటితో అనిపించలేదు. మాది కాన్పుల ఆస్పత్రి. బయట గోడ మీద నవ్వుతున్న బిడ్డ బొమ్మ ఉంటుంది. అక్కడికి బతకడానికి రావాలి జనం. 'ఆ నర్సింగ్‌హోమ్‌లో సచ్చేటోళ్ళకు మందిస్తారంట' అని ఒక్క మాట సంతలో పుడితే, నిండు చూలాలిని ఎవరు తీసుకొస్తారు? ఈ లెక్క నేను వేసుకున్నాను. వేసుకుని దానికి చట్టం అని పేరు పెట్టాను. రెండేళ్ళకు పైగా 'రేపు' అన్నాను.

*

అట్లా ఉండగా ముత్యాలప్ప వచ్చాడు.

ముత్యాలప్ప నీళ్ళు చూసే మనిషి. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని చేనులో నడుస్తాడు. నీళ్ళున్న చోట కాయ దానంతటదే నిటారుగా లేస్తుందని ఇక్కడ నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. కాని మా నర్సింగ్‌హోమ్ కట్టేటప్పుడు బోరు ఎక్కడ వెయ్యాలో ఆయనే చూపించాడు, ఆ బోరు ఏ కరువులోనూ ఎండలేదు. ప్రతి ఆపరేషన్‌కు ముందు నేను చేతులు కడుక్కునేది ఆ నీళ్ళతోనే.

దవడ కేన్సరు. చెంప బయటికే పుండు పడింది. బెంగళూరు వాళ్ళు పంపేశారు. భార్య ఓబులక్క తువ్వాలుతో ఆయన ముఖం కప్పి, ఆటోలో తీసుకొచ్చింది. ఆ రోజు మత్తు డాక్టరు మా దగ్గరే ఉన్నాడు. సంచిలో ఆ నొప్పికి మందు లేకపోయినా, ఆ రోజు మొదటిసారి తన నియమం తప్పి అడిగాడు.

"ముత్యాలప్పా, ఎంత లోతులో ఉండాది?"

తువ్వాలు కింద నుంచి నవ్వు లాంటిది వినిపించింది. "నన్నే అడుగుతావా సామీ లోతు?" మాటకు మాటకు మధ్య ఆగి ఆగి అన్నాడు. "నా జన్మలో ఎవురికీ ఇంత లోతు సూపించలా. వెయ్యి దాటింది. రిగ్గు ఆపమను సామీ."

మత్తు డాక్టరు నా వైపు చూశాడు. అప్పుడైనా నేను 'రేపు' అనకుండా ఉండవలసింది. అనలేదు కూడా. అంతకంటే పెద్దది అన్నాను. ఓబులక్కతో చెప్పాను.

"ఆ నొప్పికి మందు ఉందమ్మా, కాని అది మా దగ్గర దొరకదు. గవర్నమెంటు ఇయ్యదు."

ఆయన రోగి ముందు నన్ను కాదనలేదు. వరండాలోకి వచ్చాక, మెల్లగా అన్నాడు. "గవర్మెంటు ఇయ్యదంటివి. గవర్మెంటును అడిగినావా?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. ఆ రోజు సాయంత్రమే ముత్యాలప్పనూ ఓబులక్కనూ వెంటబెట్టుకుని బెంగళూరు బస్సెక్కాడు. అక్కడ గుర్తింపు ఉన్న ఆస్పత్రి ఒకటి ఆయనకు తెలుసు. మాత్రలు రాయించి, ఎట్లా వెయ్యాలో ఓబులక్కకు నేర్పించి, విరేచనం సాఫీగా కావడానికి ఇంకో మందు కూడా ఇప్పించి తీసుకొచ్చాడు. "మార్ఫిన్ రాసిన చేత్తోనే అది కూడా రాయాల. లేకుంటే ఒక నొప్పి తీసి ఇంగో నొప్పి పెట్టినట్ల" అనేవాడు.

మాత్రలు పనిచేశాయి. ముత్యాలప్ప రెండు వారాలు మంచం మీద కూర్చుని గంజి తాగాడని, పక్కింటివాడి చేనులో బోరు పాయింటు తప్పని అక్కడి నుంచే వాదించాడని విన్నాను. 'రెన్నూరుకొచ్చినా' అని కబురు పంపాడు మత్తు డాక్టరుకు. ఆ మాటతో నా మనసు తేలికపడింది. తేలికపడడం కూడా ఒక తప్పే అని ఇప్పుడు అనిపిస్తుంది. మందు పనిచేస్తోంది కాబట్టి నేను ఇంక ఏమీ చేయనక్కరలేదని అనుకున్నాను.

మాత్రలు అయిపోవచ్చాయి. ఈసారి ముత్యాలప్ప కదలలేని స్థితి. ఓబులక్క ఒక్కతే బెంగళూరు పోయింది. పోవడానికి ఒక రోజు, అక్కడ డాక్టరు కోసం కాచుకోవడానికి ఒక రోజు. ఇంట్లో మాత్రలు ముందే అయిపోయాయి. ఆమె తిరిగి వచ్చే బస్సు చిలమత్తూరు దగ్గరికి వచ్చినప్పుడు, ముత్యాలప్ప పోయాడని ఇంటి నుంచి ఫోను వచ్చింది. ఆ చివరి రాత్రి ముత్యాలప్ప కేకలు వీధి చివరి వరకు వినిపించాయట. ఎవరో నాతో చెప్పారు. నేను అడగకపోయినా చెప్పారు.

అన్నీ అయిపోయాక ఓబులక్క మా నర్సింగ్‌హోమ్‌కు వచ్చింది. నేనూ మత్తు డాక్టరూ ఆపరేషన్ ముగించి, ఇంకా లేవని రోగిని వార్డులోకి తెచ్చాం. ఆమె కొంగుముడి విప్పి మాత్రల అట్ట తీసింది. ఒక్కటి కూడా తియ్యలేదు.

"సార్, ఇది ఇంగెవురికన్నా పనికొస్తాది. పెట్టుకో. మా మాదిరి ఆ బస్సులో తిరిగేది తప్పుతాది."

నా చెయ్యి ముందుకు పోయింది. మత్తు డాక్టరు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వు ముట్టుకోకూడదు డాక్టరూ. నీకు గుర్తింపు లేదు గదా. ఇది నీ బీరువాలో ఉంటే నేరం." గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ నొప్పించింది. "చట్టం, చట్టం అంటివి ఇన్నాళ్ళూ. ఈ పొద్దు నిజంగానే చట్టం వచ్చింది."

నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆమె అట్ట పట్టుకుని అట్లాగే నిలబడింది. అర్థం కాలేదామెకు. ఆస్పత్రి వాడు మందు ఎందుకు వద్దంటాడు?

"పారెయ్యద్దు తల్లీ," అన్నాడాయన ఆమెతో. "యాడ తెచ్చినామో ఆడికే ఇచ్చేసొద్దాం. నేనూ వస్తా."

కాసేపటికి పక్క మంచం మీద రోగి లేచి తన పేరు చెప్పాడు. ఆయన జేబులోంచి కాయలు తియ్యలేదు. అది నేను చూశాను.

ఆయన సంచి సర్దుకుంటుంటే అడిగాను. "అన్నా, యాడ సంతకం పెట్టాల?"

"ఈ పొద్దు వద్దు," అన్నాడు. "ఏడ్సుకుంటా పెట్టిన సంతకం నిలబడదప్పా. ఎల్లుండి బెంగళూరు నుంచి వచ్చినాంక పెట్టు. మొదటి బస్సుకే వస్తా. నా రేపుకు తారీఖు ఉంటాది."

మొదటి బస్సుకే వచ్చాడు.

*

గుర్తింపుకు ముందు తనిఖీ ఉంటుంది. వచ్చిన ఇన్‌స్పెక్టరు కోస్తా నుంచి కొత్తగా బదిలీ అయిన కుర్రవాడు. బీరువా చూశాడు, తాళాలు చూశాడు, మత్తు డాక్టరు శిక్షణ సర్టిఫికెట్ చూశాడు. తర్వాత ఆయన ఊళ్ళు తిరిగి చూసిన రోగుల కేసు కాగితాలు తిరగేస్తూ ఒక చోట ఆగాడు.

"ఇదేంటండీ? నొప్పి అని రాసిన చోట 'ఎనిమిది వందల అడుగులు' అనుంది? బోరు లెక్కలు వీటిల్లో కలిసిపోయాయా?"

"బోరే సార్," అన్నాడు మత్తు డాక్టరు. "మనుషులకు ఏసినాం."

కుర్రవాడికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. మా ఆయా అందుకుంది. "మీ వైపు కాలవలు గదా సార్. మీకు లోతులు తెలవవులే." అప్పుడు నవ్వాడు. మత్తు డాక్టరు విడమరిచి చెప్పాక, పక్కనే పదికి ఎంతో కూడా రాయమన్నాడు. రాస్తామన్నాడు ఈయన. పోయేటప్పుడు ఆ కుర్రవాడు గుమ్మం దగ్గర ఆగి, "మా నానమ్మ చివర్లో చాలా బాధపడిందండీ. ఎవరూ ఏమీ అడగలేదు," అని జీపెక్కాడు.

గుర్తింపు వచ్చింది. నేను భయపడినట్టు కాన్పులు తగ్గలేదు. సంతలో మాట పుట్టింది, నిజమే. పుట్టిన మాట వేరు. 'ఆడ నొప్పి తీస్తారంట' అన్నారు. కాన్పుకు వచ్చేవాళ్ళకు కూడా వినడానికి మంచి మాటే కదా అది. ఇన్నాళ్ళు ఈ జనం గురించి నేను వేసుకున్న లెక్క తప్పని తేలింది.

తర్వాతి కాలమంతా వారానికి ఒక రోజు ఆయన నొప్పి రోగులను చూసేవాడు. నేను తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. సంతకం నాది, బీరువా నాది, కాని లోతు అడిగేది ఆయనే. పక్కన కూర్చునేది ఆయనే. నేను ఒక్కసారి కూడా ఆ ప్రశ్న అడగలేదు. అడిగితే జవాబు వినాలి. ముత్యాలప్ప జవాబు నా చెవిలో ఇంకా ఉంది.

ఆయన గమనించాడు. ఆయన గమనించనిది ఉండేది కాదు.

"నువ్వు అడగవేమప్పా?"

"మీరున్నారు గదా అన్నా."

"నేను బస్సులో మనిషి. యాడో ఒక కాడ దిగిపోతా. నువ్వూ పోయి ఆ శిక్షణ తెచ్చుకో."

"ఈ వయసులోనా?"

"కత్తి పట్టేదానికి లేని వయసు పలక పట్టేదానికి వచ్చిందా?"

"రేపు చూద్దాం."

తల అడ్డంగా ఊపి, ఒక కాయ వలిచి నా అరచేతిలో పెట్టేవాడు. ఆయన తిట్టు అంతే. ఆ గింజ నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉండేది.

*

ఇదంతా, ఆఫీసు ఫోను పెట్టేశాక ఆ కుర్చీలో కూర్చుని తలుచుకున్నాను. గుర్తింపు నిలవాలంటే శిక్షణ ఉన్న డాక్టరు కావాలి. లేకపోతే ఉన్న మాత్రలు అప్పగించి బీరువా ఖాళీ చెయ్యాలి. అప్పటికి మా దగ్గర ఆ మందు మీద ఉన్నవాళ్ళలో మరియమ్మ ఒకామె. యాడికి అనే ఊరి దగ్గర పల్లె ఆమెది. జీవితమంతా కూలికి పోయి, వెన్నులోకి పాకిన కేన్సరుతో మా ఊళ్ళోని కూతురింటికి చేరింది. నేను మళ్ళీ 'రేపు' అంటే ఆమె కూతురు బెంగళూరు బస్సెక్కాలి. ఆ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో నాకు తెలుసు.

అరగంట కాకముందే నేనే ఆఫీసుకు ఫోను చేశాను.

"ఎవరని అడిగారు కదా. నేనే."

"మీకు శిక్షణ ఉందాండీ?"

"లేదు. సోమవారం పోతున్నాను." తారీఖు కూడా చెప్పాను.

ఉన్న స్టాకు అప్పగించాను. నేను తిరిగి వచ్చేదాకా మా రోగులను అనంతపురంలో గుర్తింపు ఉన్న ఆస్పత్రికి కుదిర్చి, వాళ్ళను తీసుకుపోవడానికి నా కారు, డ్రైవరును ఇచ్చాను. కారు నేను ఎప్పుడో కొన్నాను, ఆయన కొనకపోయినా. అందుకైనా పనికొచ్చింది.

శిక్షణలో నా పక్కన కూర్చున్నవాళ్ళు నా కొడుకు వయసు పిల్లలు. మొదటి రోజు మేడం నొప్పిని పదికి ఎంతని ఎట్లా అడగాలో చెప్పింది. నేను చెయ్యెత్తి బోరు లోతు గురించి చెప్పాను. నవ్వారు. కాసేపటికి రాసుకున్నారు. కళ్యాణదుర్గం నుంచి వచ్చిన పిల్లవాడు వెనక నుంచి, "మా వైపు వెయ్యి చాలదు సార్, పదహారునూర్లు పెట్టాల" అన్నాడు. ఆయన ఉంటే ఈ మాటకు గుప్పెడు కాయలు ఇచ్చేవాడు.

తిరిగి వచ్చాక గుర్తింపు నా పేరు మీద నిలబడింది. మందు వచ్చింది. మొదటి రోజు తలుపు దగ్గర నిలబడలేదు. వార్డులో స్టూలు లాక్కుని మరియమ్మ మంచం పక్కన కూర్చున్నాను. అడిగాను.

"మరియమ్మా, నొప్పి ఎంత లోతులో ఉండాది?"

ఆమె కళ్ళు తెరిచి నన్ను ఎగాదిగా చూసింది.

"మాకు బోరు యాడిది సార్?" అంది. "సెంటు భూమి లేదు. లోతు మాకేం తెల్సు? నీళ్ళకు ఎంత దూరం పోవాల అని అడుగు. అది చెప్తా."

ఇన్నేళ్ళలో ఆయనకు ఎవరూ ఈ మాట చెప్పలేదా? చెప్పే ఉంటారు. ఆయన అందరినీ ఒకే ప్రశ్న అడిగి ఉండడు. తలుపు దగ్గర నిలబడినవాడికి సగమే వినిపిస్తుంది.

"సరే. నీళ్ళకు ఎంత దూరం పోతాండావు?"

"గుట్ట అవతల," అంది కళ్ళు మూసుకుని. "నడినెత్తిన ఎండ. కడవ నిండుగా ఉండాది, కాలికి చెప్పుల్లేవు."

మాత్ర వేశాను. విరేచనానికి ఇచ్చే రెండో మందు కూడా మర్చిపోకుండా రాశాను. మధ్యాహ్నం వచ్చి అడిగాను. "గుట్ట ఎక్కి దిగినా" అంది. మరుసటి రోజు కొంచెం పెంచాను. ఆ మరుసటి రోజు పొద్దున నేను పోయేసరికి కూతురు దిండు ఆనించి ఆమెను కూర్చోబెట్టి ఉంది.

"ఈ పొద్దు ఎంత దూరం మరియమ్మా?"

ఆమె ఆలోచించింది. కిటికీలోంచి బయటికి చూసింది.

"ఈది కొళాయి కాడికే సార్."

నేను జేబులో చెయ్యి పెట్టాను. ఆ రోజు బస్టాండు దగ్గర బండి మీద కొన్న చెనక్కాయలు. ఎందుకు కొన్నానో కొనేటప్పుడు తెలియదు. ఒక కాయ తీసి వేళ్ళ మధ్య నొక్కాను. టప్‌మని పగిలింది. ఆ చప్పుడుకు మరియమ్మ ఇటు తిరిగింది. చాలా రోజులుగా గంజి కూడా గొంతు దిగడం లేదని కూతురు ఏడుస్తూ చెప్పిన మనిషి.

"ఒగనివే తింటావా సార్?" అని చెయ్యి చాపింది.